ఆటస్థలమునకు రెండు ధర్మములు

పట్టణము నడుమ అర యెకరము నేల ఖాళీగా నున్నచో దానిపై పడు కన్నులు ఇన్నియని లెక్కింపజాలము. అంగళ్ల సముదాయము కట్టవలెనని ఒకరు, వాహనములు నిలుపుటకు చోటు లేదని మరియొకరు, కల్యాణ మండపము కావలెనని వేరొకరు అర్జీలు పెట్టుకొందురు. ఆ నేలపై సాయంకాలము కబడ్డీ ఆడుకొను పిల్లలకు మాత్రము అర్జీ వ్రాయుట తెలియదు. ఈ వారము వారి పక్షమున మేము వకాల్తా పుచ్చుకొనుచున్నాము.

అయితే మా వాదము ఆ నేలను వదలిపెట్టుడని కోరుటతో ముగియదు. ఆక్రమణదారుల చేతినుండి తప్పించుకొన్న మైదానములు సైతము అభివృద్ధి యను పేరిట పాడగుచున్నవి. మెరక వేసి, చదును చేసి, సిమెంటు పరచి, చుట్టును ప్రహరీ కట్టి, ఒక ప్రక్క రేకుల గ్యాలరీ నిలిపి, ప్రారంభోత్సవపు శిలాఫలకము నాటుటతో క్రీడాస్థల నిర్మాణము పూర్తియైనదని మన పురపాలక సంఘములు భావించుచున్నవి. అట్టి స్థలమున ఏప్రిలు మొదలు జూను వరకు ఎండచే ఆట లేదు. జూలై మొదలు అక్టోబరు వరకు వానచే ఆట లేదు. తక్కిన దినములలో సభలును, ప్రదర్శనములును జరుగుచుండును. ఇక పిల్లలు ఎప్పుడు ఆడవలెను?

ఎండలు మునుపటికంటె తీవ్రమగుచున్నవి. వానలు మునుపటికంటె తక్కువ గంటలలో ఎక్కువగా కురియుచున్నవి. ఈ మార్పు శాస్త్రజ్ఞుల గ్రంథములలో నుండి మన వీధులలోనికి వచ్చి చాల కాలమైనది. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదు శివారునందలి ఘటకేశ్వరమున ఒక్క దినములో 32 సెంటీమీటర్ల వాన కురిసెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి, గండ్లుపడి, విజయవాడ సింగునగర ప్రాంతమును ముంచెను. ఆ మరుదినమే ప్రకాశం బ్యారేజి గుండ 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణానీరు పారెను. ఇన్ని చూచిన పిమ్మటను, వానయు ఎండయు లేని ఏదో యొక దేశమునకు గీసిన పటములనే తెచ్చి మన మైదానములను కట్టుచుండుట వింత గాక మరేమి?

ఆ వరద దినములలో అన్నపు పొట్లములు పంచిన స్వచ్ఛంద సేవకులతో మేమును తిరిగితిమి. నీరు తీసిన పిదప వేరొక పట్టణమున, పేరు చెప్పనక్కరలేని యొక వార్డులో, బడి ప్రక్కనున్న చిన్న మైదానమును చూచుట తటస్థించినది. పూర్వమది వీధికంటె పల్లముగా నుండెడిది. దానిని రెండడుగులు మెరక చేసి సిమెంటు పరచిరి. ఎదుటి యింటి వృద్ధురాలు మాతో అనిన మాట ఇది: “బాబూ, అప్పుడు వానొస్తే ఆ నేల తాగేది. ఇప్పుడు మా గడప లోపలికి తోస్తంది.” ఏ ఇంజనీరు నివేదికయు ఇంతకంటె స్పష్టముగా చెప్పజాలదు.

అర యెకరపు మైదానము బుడమేరు వంటి వరదను ఆపునని మేమనము. అట్లనువారు ప్రజలను మోసగించుచున్నారు. ఏరునకు ఏటి దారి, చెరువునకు చెరువు గర్భము విడువవలసినదే. కాని ఏటేట నాలుగైదు మార్లు వచ్చి వీధిని మోకాలిలోతు నీట నిలబెట్టు జడివాన వేరు. దాని విషయమున చిన్న మైదానము సైతము చేయగల మేలు గలదు. అది యెంతయో లెక్కింతము.

అర యెకరమనగా సుమారు 2,020 చదరపు మీటర్లు. అందులో ఒక బాస్కెట్‌బాల్ కోర్టు, ఒక వాలీబాల్ కోర్టు, ఒక కబడ్డీ కోర్టు, వాని చుట్టును విడువవలసిన ఖాళీతో సహా అమర్చినను 1,300 చదరపు మీటర్లు మించదు. మిగిలిన 700 చదరపు మీటర్లు చెట్లకును, నడకదారికిని, మరుగుదొడ్లకును చాలును. ఇప్పుడీ కోర్టుల భాగమును మాత్రము చుట్టుపట్ల నేలకంటె ఒక్క అడుగు లోతుగా నిర్మించితిమనుకొందము. అందు దాదాపు 3,90,000 లీటర్ల నీరు నిలుచును. అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు 78. పది సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ అర యెకరము మీద పడిన నీరు సుమారు రెండు లక్షల లీటర్లు. తక్కిన లక్షా తొంబది వేల లీటర్ల చోటులో, ఒక్కొక్కటి 150 చదరపు మీటర్ల కప్పు గల పన్నెండిండ్ల వాననీరు ఇముడును. ఒక్క అడుగు లోతు! రెండు మెట్లు దిగినంత మాత్రము. ఆ మెట్లే ఆట చూచువారికి ఆసనములగును. గ్యాలరీ ఖర్చు కూడ మిగులును.

ఇది మా ఊహ మాత్రమే కాదు. నీటితో శతాబ్దములుగా పోరాడుచున్న హాలండు దేశమున రోటర్‌డామ్ నగరమందు 2013లో బెంతెంప్లేన్ అను చౌకును ఇట్లే నిర్మించిరి. అచ్చట మూడు పల్లములు గలవు. రెండు నిస్సారమైనవి, ప్రతి వానకును నిండును. మూడవది లోతైనది, అందు పిల్లలు బంతులాడుదురు, వాన విడువక కురిసినప్పుడే అందులోనికి నీరు వచ్చును. మూడింటిలో కలిపి 17 లక్షల లీటర్లు పట్టును. పటము గీయుటకు ముందు ప్రక్కనున్న కళాశాల విద్యార్థులను, చర్చికి వచ్చువారిని, ఇరుగుపొరుగువారిని పిలిచి వారి అభిప్రాయములను స్వీకరించిరి. మనలో శిలాఫలకము నాటునాడు గాని ప్రజలను పిలుచు వాడుక లేదు.

రోటర్‌డామ్ దూరమనువారు ఆసియాలోని హాంకాంగును చూడుడు. అంగుళము నేలకు వెలగట్టు నగరమది. అచ్చటి తాయ్ హాంగ్ టుంగ్ ఆటమైదానము క్రింద 2004లో లక్ష ఘన మీటర్ల నీరు పట్టు తొట్టిని కట్టిరి. పిమ్మట హ్యాపీ వ్యాలీలోని ఆటస్థలముల క్రింద అరువది వేల ఘన మీటర్ల తొట్టిని నిర్మించిరి. పైన ఆట, క్రింద నీరు. ఒకే నేలకు రెండు మారులు కొనుగోలు ధర చెల్లింపవలసిన పని తప్పినది.

జపానులో యొకొహామా నగరపు మహాక్రీడాంగణము త్సురుమి నది వరదనీటిని నిలుపు పల్లమున నున్నది. 2002 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీ తుది ఆట జరిగినది అచ్చటనే. ఆ కట్టడము స్తంభములపై నిలిచియున్నది. నది పొంగినప్పుడు నీరు దాని క్రిందికి వచ్చి నిలుచును. 2019 అక్టోబరు 12వ తేదీన హగిబిస్ తుపాను ఆ ప్రాంతమును కొట్టెను. పల్లము వరదనీటిని మింగెను. మరునాడు, అనగా 13వ తేదీన, అదే క్రీడాంగణమున ప్రపంచ రగ్బీ పోటీలలో జపానుకును స్కాట్లండుకును ఆట జరిగినది, జపాను గెలిచినది. మన విశాఖపట్టణమున 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను వచ్చెను. 14వ తేదీన జరుగవలసిన క్రికెట్ ఆట రద్దయ్యెను. తుపాను తీవ్రతలు వేరు కావచ్చును. ఆ గాలిధాటికి ఎవరిని నిందింప బనిలేదు. కాని ఆపదను ముందుగా పటములో గీచుకొన్న నగరము ఆపద గడచిన మరునాడే లేచి నిలువగలదన్న సత్యమును మనము గుర్తింపవలెను.

ఇక ఆక్షేపణలకు వత్తము. ప్రతివాది చెప్పగల మాటను ముందుగా తానే చెప్పుకొనుట న్యాయవాదికి అలవాటు.

పల్లమున నీరు నిలిచినచో దోమలు పుట్టవా అని మొదటి ప్రశ్న. నీరు వారము దినములు నిలిచినచో తప్పక పుట్టును. దోమ గ్రుడ్డు రెక్కల దోమగుటకు రమారమి అంత కాలము పట్టును. కావున ఒకటి రెండు దినములలో నీరంతయు తీయునట్లు తూము ఉండవలెను. ఆ తూమునకు తాళముండవలెను. ఆ తాళపు చెవి ఎవరియొద్ద నున్నదో వార్డులో అందరికి తెలిసియుండవలెను. రెండవ ప్రశ్న మరింత గట్టిది. మన పట్టణములలో వానకాలువయు మురుగుకాలువయు ఒక్కటే. వీధికాలువను తెచ్చి పిల్లలాడు నేలపై విడిచినచో అది క్రీడాస్థలము గాక రోగస్థలమగును. కావున ఇండ్ల కప్పులపై పడిన నీటిని, మైదానముపై పడిన నీటిని మాత్రమే గొట్టముల ద్వార తేవలెను; బురద ఆగు గుంట నొకదానిని ముందుంచవలెను; మురుగును దరి చేరనీయరాదు. ఈ నియమము పాటింపజాలని చోట పల్లము కట్టనే కూడదు.

మూడవది నేల స్వభావము. గుంటూరు నల్లరేగడి నీటిని తడవుగా లోనికి దిగనీయదు. కృష్ణ యొడ్డున కొన్ని తావుల భూగర్భజలము పైకే యుండును. అచ్చట ఇంకుడు గుంట త్రవ్వినను ఇంకదు. అట్టి చోట్ల నీటిని కొన్ని గంటలు నిలిపి, వీధికాలువ ఉధృతి తగ్గిన పిమ్మట మెల్లగా విడుచుటయే మార్గము. తెలంగాణమునందలి ఎర్రనేలలో ఇంకుడునకు అవకాశమెక్కువ. ఒక పట్టణపు పటమును మరియొక పట్టణము కండ్లు మూసికొని నకలు చేయరాదు. మూడడుగులు త్రవ్వి నేలను చూడకుండ అంచనా వేయు ఇంజనీరు, దస్తావేజు చదువకుండ వాదించు వకీలు వంటివాడు.

వానను గూర్చి చెప్పితిమి. ఎండను గూర్చి చెప్పవలసినది ఇంకను గలదు. ఇప్పుడు మన నగరములలో కృత్రిమ పచ్చిక యొక నాగరిక లక్షణమైనది. చూపునకది పచ్చగా నుండును. మండుటెండలో దాని ఉపరితలము 60 డిగ్రీలు దాటును. గడ్డి తన తేమచే చల్లబడును. ప్లాస్టిక్కునకు ఆ విద్య రాదు. రెంటచింతల, విజయవాడ, రామగుండము వంటి చోట్ల దానిని పగటియాటకు పరచుట పెనముపై పిల్లలను నిలుపుటయే. మట్టి కోర్టు చౌక, నీటిని త్రాగును, పడినవాని మోకాలిని సిమెంటువలె చీల్చదు. కబడ్డీ, ఖోఖోలు మట్టిలో పుట్టిన ఆటలు. వానిని మట్టిలోనే ఆడనిత్తుము గాక.

కోర్టుల పొడవు ఉత్తర దక్షిణములుగా నుండవలెను; లేనిచో ఉదయ సాయంకాలముల సూర్యుడు ఒక పక్షము వారి కండ్లలో పొడుచును. పడమటి హద్దున వేప, కానుగ వంటి చెట్లు వరుసగా నాటినచో సాయంకాలము నాలుగు గంటలకే కోర్టుపై నీడ పడును. ఆడు కాలము ఒక గంట పెరుగును. చెట్టు ఎదుగుటకు పదేండ్లు పట్టునని విసుగుకొనువారు, ఆ పదేండ్ల క్రింద నాటియుండిన నేడు నీడ యుండెడిదని తలంపవలెను. పారిస్ నగరమున 2018 మొదలు బడుల ఆవరణలలోని తారును పెకలించి, నీరింకు నేలను, చెట్లను తెచ్చుచున్నారు. వారి వేసవి మన వేసవిముందు ఏపాటిది?

బాడ్మింటన్ వంటి ఆటలకు కప్పు తప్పదు. షటిల్‌కాక్ గాలికి కదలునని కిటికీలు మూయుదురు. పైన రేకు కాగును. లోపల పిల్లలు ఉడుకుదురు. ప్రపంచమునకు మేటి బాడ్మింటన్ వీరులను, వీరాంగనలను ఇచ్చిన తెలుగునాట ఇది చిన్న విషయము కాదు. రేకుపై తెల్లపూత వేసి, దాని క్రింద వేడినాపు పొర పరచి, వేడిగాలి పైనుండి పోవుటకు మార్గము విడిచినచో చాల మేలు కలుగును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. క్రీడాశాలలు దానికి ముందుగా ఒదుగవలసిన కట్టడములు. స్థలమిరుకైన చోట ఆటశాలను స్తంభములపై నెత్తి కట్టినచో క్రింద నీడగల కబడ్డీ స్థలము దొరకును. వరద వచ్చిన అడ్డములేక పోవును. విద్యుత్ మీటలు పై అంతస్తున నుండుటచే ప్రాణభయము తప్పును. సముద్రతీర పట్టణములలో ఆ కప్పును గాలి ఎత్తుకొని పోకుండ బిగింపవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున ఎవ్వరును తలపని విషయ మొకటి గలదు. ఎండలు పెరిగిన కొలది ఆట వేళలు తెల్లవారు జామునకును, ప్రొద్దుగ్రుంకిన తరువాతకును జరుగుచున్నవి. దీపము లేని మైదానము ఆ వేళలలో ఎవరికి మూతపడును? మగపిల్లలు చీకటిలోనైన ఆడుకొందురు. ఆడపిల్లలను ఇంటివారు పంపరు. అనగా ఎండ ముదిరిన కొలది, దీపములు, మరుగుదొడ్డి, వీధినుండి కానవచ్చు తెరపి గల హద్దు లేని ప్రతి మైదానమును ఆడపిల్లలకు నిషేధించినట్లే. ఎత్తైన ప్రహరీగోడకంటె ఇనుపకమ్మీల కంచె మేలు. ఇది అలంకార విషయము కాదు. సగము ప్రజల హక్కు.

నీటి ఖర్చును గూర్చియు ఒక్క మాట. 2016 ఏప్రిలులో మహారాష్ట్రము కరవుతో అలమటించుచుండగా, ఏప్రిలు 30 తరువాతి ఐ.పి.ఎల్. ఆటలను ఆ రాష్ట్రము వెలుపలికి తరలింపుడని బొంబాయి హైకోర్టు ఆజ్ఞాపించినది. వానిలో కొన్ని మన విశాఖకే వచ్చినవి. త్రాగునీరు లేనిచోట పచ్చికకు నీరా యను ప్రశ్న అప్పుడు దేశమంతయు వినబడినది. పల్లముగ కట్టి కప్పుల నీరు దాచుకొన్న మైదానము ఆ ప్రశ్నకు తలవంచుకొననక్కరలేదు.

చట్టము మన పక్షముననే యున్నది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము వలన ఏర్పడిన పన్నెండవ షెడ్యూలు, ఉద్యానములు, ఆటస్థలములు మున్నగు వసతుల కల్పనను పురపాలక సంఘముల పనులలో చేర్చినది. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రతి బడికి ఆటస్థలముండవలెనని చెప్పుచున్నది. ఉద్యానమునకై విడిచిన స్థలమును ప్రైవేటు వైద్యశాలకు కేటాయించుట చెల్లదని బెంగుళూరు వ్యాజ్యమున 1991లో సుప్రీముకోర్టు తీర్పిచ్చినది. ఆ వ్యాజ్యమును నడిపినవారు ఆ చుట్టుపట్ల నివసించు సామాన్య ప్రజలే. అయినను చట్టము తనంతట తాను లేచి నడువదు. దానిని చేయిపట్టి నడిపింపవలసినవారు పౌరులు.

కావున ఈ పత్రికను పఠన మందిరములలో కూర్చుండి చదువు సోదరులకు మా మనవి యిది. మీ వార్డులో మైదానమునకు ఏ పనియైన తలపెట్టినప్పుడు పటమును తెప్పించి చూడుడు. ఐదు ప్రశ్నలడుగుడు. వాన కురిసిన ఈ నేల ఎంత నీరు పట్టును? ఆ నీరు ఎన్ని గంటలలో, ఏ దారిని పోవును? సాయంకాలము నాలుగు గంటలకు నీడ ఎచ్చట పడును? రాత్రి ఎనిమిది గంటలకు ఆడపిల్ల ఇచ్చట ఆడుకొనగలదా? తూమును, చెట్లను, దీపములను ఏటేట చూచుకొనుటకు ఎవరు బాధ్యులు, ఏ పద్దు క్రింద ధనము గలదు? ఈ ఐదింటికి వ్రాతమూలకముగా సమాధానము వచ్చువరకు సిమెంటు బస్తా విప్పనీయకుడు.

మన పెద్దలు ఊరికి చెరువు త్రవ్వించి, కట్టపై చెట్లు నాటించి, ఆ కట్టనే సాయంకాలపు షికారునకు వాడుకొనిరి. ఒకే నేలచే పలు ధర్మములు చేయించుట వారికి ఎవరును నేర్పలేదు. నేడు నేల వెల హెచ్చినది. మన బుద్ధి కురుచయైనది. అర యెకరము దొరకినచో అంగళ్లు కట్టిన అద్దె వచ్చును, నిజమే. కాని ఆ అద్దె సొమ్ముతో ఏ పురపాలక సంఘమును ఒక పిల్లవాని బాల్యమును తిరిగి కొనజాలదు. ఒక వృద్ధురాలి గడప దాటిన నీటిని వెనుకకు పంపజాలదు. పిల్లలకు ఆడ చోటిమ్ము, వానకు నిలువ చోటిమ్ము. ఈ రెండు చోట్లును ఒక్కటేయని తెలిసికొనుటయే నేటి పట్టణ నిర్మాణమునకు మొదటి పాఠము.